వడ్డించాక మిగిలిన నిద్ర

నిన్న రాత్రి ఝాన్సీ మెదడుకి మిగిలిన నిద్ర ఎంతో తెర మీద తెలుస్తోంది. గీత నేల మీద గీసినట్టు చదునుగా ఉంది. డాక్టర్ అవధాని యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాడు. గీత లేవలేదు.

బెజవాడలో ఇప్పుడు మగవాళ్లెవరూ ఆవలించరు. అది అవధాని చలవే. మెదడు పగలంతా వాడిన వంటగది లాంటిది. గాఢనిద్రలోనే అది అంట్లు తోముకుని, చెత్త బయట పారేసుకుంటుంది. ఒకరి గాఢనిద్ర తరంగాలను మరొకరికి పంపే యంత్రం కనిపెట్టాడాయన. ఇచ్చేవాళ్లకి చెవి వెనక చర్మం కింద చిప్. పుచ్చుకునేవాళ్లకి చెవి మీద చిన్న రిసీవర్. నిద్రపట్టని రోగుల కోసం చేశానన్నాడు. ఏడాది తిరిగేసరికి ఇంటింటికీ ఒక చిప్ వచ్చింది. ఎవరి చెవి వెనక అన్నది అడగక్కర్లేదు. రిసీవర్ అవధాని చెవి మీదా ఉంది. కనిపెట్టినవాడే పెట్టుకోకపోతే ఎలా?

"ఈ చిప్ తీసేయండి డాక్టర్ గారూ," అంది ఝాన్సీ. ఒళ్లో పాప. పాప పాదానికి కట్టు. "పొద్దున టబ్బులో వేడినీళ్లు పోశాను. చన్నీళ్లు కలిపాననే అనుకున్నాను. ముందు దాని కాలొక్కటే పెట్టబట్టి సరిపోయింది."

"నీకూ కొంత మిగలాలే అమ్మా! వరుస నేనే పెట్టాను. మా ఇంట్లో అమ్మ వడ్డించే వరుస. మగవాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు, ఆ పూటకి దగ్గర్లో ఉన్న అతిథి. చివర ఇచ్చే మనిషి."

"మీ అమ్మగారికి ఏం మిగిలేదో ఎప్పుడైనా చూశారా?"

అవధాని గుర్తు తెచ్చుకోబోయాడు. ఆ వేళకి ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవాడు.

చిప్ తీయాలంటే ఇంటి యజమాని ఫోన్‌కి వెళ్లే ఓటీపీ కావాలి. అవధాని ఆమె భర్తకి ఫోన్ చేశాడు. అత్తగారు ఎత్తింది.

"ఫోన్ ఇంట్లో వదిలి క్రికెట్‌కి పోయాడు బాబూ. ఒంటినిండా హుషారాయె, ఇంట్లో నిలుస్తాడా!"

"ఇప్పుడో నంబరు వచ్చి ఉంటుంది. చదవండమ్మా."

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్నాడు మావాడు. నువ్వు డాక్టరువో దొంగవో నాకేం తెలుసు?" పెట్టేసింది.

ఝాన్సీ నవ్వబోయింది. ఏడుపొచ్చింది. "ఆయనొచ్చినా చెప్పరు. నా నిద్రతోనే ప్రమోషన్ వచ్చింది కదా! ఇంటికెళ్లి మళ్లీ నీళ్లు కాచాలి. నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నానండీ."

"ఏడవకు. మీ ఇంట్లో అందరికీ ఇప్పటికి నిండింది. ఇక్కడే పడుకో. ఇప్పుడు పట్టే నిద్రంతా నీదే."

నర్సు పాపని అందుకుంది. ఝాన్సీ తల దిండుకి తగలడమే ఆలస్యం, తెర మీద తరంగాలు బ్యారేజీ గేట్లెత్తినట్టు లేచాయి. అవధాని మనసు తేలికపడింది. మెడనొప్పి పోయింది. కళ్లమంట తగ్గింది. సాయంత్రం ఇవ్వాల్సిన ఉపన్యాసంలో ఎక్కడో చిక్కుకున్న వాక్యం దానంతటదే విడివడింది. మంచిపని చేసిన తృప్తి ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

అప్పుడు చూశాడు, తరంగాల పక్కన పేరు. 'అతిథి: అవధాని'.

వరుస తప్పలేదు. ఇంట్లోవాళ్లకి నిండాక అతిథి.

చెయ్యి చెవి మీదికి వెళ్లింది. రిసీవర్ లాగేస్తే ఆ నిద్ర ఆమెకే మిగులుతుంది. కానీ సాయంత్రం టౌన్ హాలు నిండా జనం. మంత్రిగారు కూడా వస్తున్నారు. ఉపన్యాసం పేరు 'ఆరోగ్యానికి కంటినిండా నిద్ర'. ఆ చేత్తోనే జుట్టు సర్దుకున్నాడు.

గంట తర్వాత ఝాన్సీ లేచి కూర్చుంది. "నిద్రపోయానా?"

"హాయిగా పోయావమ్మా."

"మరి తల ఇలా దిమ్ముగా ఉందేం?"

"మొదట్లో అలాగే ఉంటుంది. సర్దుకుంటుంది."

ఆమె నమ్మింది. డాక్టర్ చెప్పాడు కదా. పాపని భుజాన వేసుకుని, గుమ్మం ఎక్కడుందో చేత్తో తడుముకుంది.

"వస్తానండీ," అంది. "పాపకి నీళ్లు కాచాలి."