పాత డబ్బాలో ఇత్తడి బుడిపె

"అమ్మాయ్! నా ఫోన్లో అక్షరాలు మళ్ళీ చీమలంత అయిపోయాయి, కాస్త చూసిపెట్టవూ!"

పొద్దున్నే హాల్లోంచి కోడలి కోసం అత్తగారి కేక. సోఫాలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న ఆవిడ కొడుకు తలెత్తాడు. పెద్ద ఆఫీసులో కంప్యూటర్లన్నీ బాగుచేసే ఉద్యోగం అతనిది. అక్కడ ఎవరి మెషీన్ మొరాయించినా అతని కోసమే పరిగెత్తుతారు. మొన్నమొన్నటిదాకా ఇంట్లోనూ అంతే.

"ఇలా ఇయ్యమ్మా, నేను చూస్తాను."

"నీకెందుకురా, ఆఫీసుకి ఆలస్యమవుతుంది. మన ఇంజనీరమ్మ ఉందిగా!" అంటూ ఆవిడ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

ఇంజనీరమ్మట! అతనికి ఒళ్ళు మండిపోయింది. ఈ వైభోగమంతా ఎందుకయ్యా అంటే, అతని భార్య వీడియోలు చూసి, విడిభాగాలు తెప్పించుకుని, స్వయంగా ఒక కంప్యూటర్ బిగించింది. అంతే, ఇంటిల్లిపాదీ ఆమెకి హారతి పట్టడం ఒక్కటే తక్కువ. కూతురైతే "మా అమ్మ కంప్యూటర్ తయారుచేసింది" అని స్కూలంతా చాటింపు వేసి వచ్చింది. ఇన్నేళ్ళుగా నాన్న బిగించినవాటికి లెక్కే లేదు, ఒక్కదాని గురించైనా ఆ పిల్ల నోరు మెదిపిందా? లేదు.

ఈ మంట మీద చల్లగా ఒక్క సంగతి ఉంది. ఆ కొత్త కంప్యూటర్ సరిగ్గా పనిచేయడం లేదు. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మౌస్ కదలదు, ఏ మీట నొక్కినా పలకదు. స్విచ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. అలా ఆగినప్పుడల్లా అతనికి లోపల్లోపల ఎంత హాయిగా ఉండేదో పైకి చెప్పుకునేది కాదు.

ఆమెకి మాత్రం ప్రాణసంకటంగా ఉంది. సినిమాలకి తెర కింద వచ్చే మాటలు రాయించే కంపెనీ ఒకటి ఆమెను పరీక్షకు పిలిచింది. శుక్రవారం మధ్యాహ్నం ఇంటి నుంచే రాయాలి. సినిమా ముక్క నడుస్తుంటే అప్పటికప్పుడు మాటలు కొట్టాలి, మధ్యలో ఆగిందా, పరీక్ష పోయినట్టే, రెండో అవకాశం లేదు. ఏ కంప్యూటర్ మీద రాస్తారో ముందే నమోదు చేయమంటే ఆమె ముచ్చటపడి దీన్నే చేసింది. కూతురు పుట్టాక ఉద్యోగం మానేసిన మనిషి, ఇన్నాళ్ళకి తన కోసం కోరుకున్నది ఇదొక్కటే.

అయినా అతన్ని ఒక్క మాట అడగలేదు. 'ఏమండీ, కాస్త చూడండి' అంటే చాలు, అతని సొమ్మేం పోతుంది, చిటికెలో చూసిపెట్టేవాడు. అడగదే! మెమరీ ముక్కలు ఒక్కొక్కటే తీసి, ఒక్కదానితో నడిపి చూసింది. లోపలి వేడి ఎంతుందో చూసింది. ఎదురింటివాళ్ళ కంప్యూటర్‌లోంచి కరెంటు అందించే పెట్టె అరువు తెచ్చి మార్చి చూసింది. డిస్కు తీగలు ఊడదీసి మళ్ళీ గుచ్చింది. డిస్కులో ఉన్నదంతా చెరిపేసి మొదట్నుంచి ప్రోగ్రాములు వేసింది. తలుపు పక్క నిలబడి పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అతను ఇదంతా చూశాడు. తను ఉద్యోగంలో ఏళ్ళ తరబడి ఏడిచి నేర్చుకున్న వరుస అదే. ఈమె కూరగాయలు తరుగుతూ తరుగుతూ పట్టేసింది.

పైగా తప్పెక్కడుందో అతనికి మొదటి రోజునుంచీ తెలుసు. ఆమె డబ్బాలో మదర్‌బోర్డు బిగిస్తుంటే, తన కాఫీ చేత్తో పట్టుకుని వెళ్ళి చూశాడు. కొత్త బోర్డు చిన్నది, ఇనప డబ్బా పాతది. ఒకప్పుడు అందులో ఉన్న పెద్ద బోర్డుని నిలబెట్టడానికి ఇత్తడి బుడిపెలు బిగించి ఉన్నాయి. వాటిలో ఒకటి కొత్త బోర్డుకి అక్కర్లేదు, దాని ఎదుట స్క్రూ కన్నమే లేదు. ఆ బుడిపె బోర్డు వీపున ఉన్న టంకాలకి ఆనేంత దగ్గరగా ఉందని అతనికి చూడగానే తెలిసింది. వేడెక్కి బోర్డు కాస్త వంగితే తగిలి కరెంటు దారి తప్పుతుంది, చల్లారితే వదులుతుంది. అందుకే ఒకపూట బాగుంటుంది, ఒకపూట బిగుసుకుంటుంది. నాలిక చివరిదాకా వచ్చిన మాటని అతను కాఫీతో పాటు మింగేశాడు. ఆగిపోతే తన దగ్గరికే వస్తుందిలే అనుకున్నాడు.

శుక్రవారం రానే వచ్చింది. అతను ఆ రోజు సెలవు పెట్టాడు, ఎందుకో తనకే సరిగ్గా తెలియదు. టిఫిను తిని గదిలోకి తొంగిచూస్తే ఆమె తీగలు పీకి చుట్టలు చుడుతోంది.

"ఏంటి, సర్దేస్తున్నావు?"

"పొద్దున్న మళ్ళీ ఆగింది. పరీక్షకి రానని చెప్పేస్తానండి." ఆమె తల తిప్పలేదు. "నావల్ల కాదు. ఏదో నాలుగు వీడియోలు చూసి ఎగిరాను."

అతను ఎదురుచూసిన ఘడియ ఇదే. తీరా వస్తే ఏమాత్రం హాయిగా లేదు.

వెనకనుంచి తల్లి అందుకుంది. "ఒరేయ్, ఊళ్ళోవాళ్ళవన్నీ బాగుచేస్తావు, ఇంట్లోది చూడలేవుట్రా?"

"నన్ను అడిగిందెవరు?" అనేశాడు. "ఇంజనీరమ్మ ఉందిగా! నేనెందుకు?"

ఆమె మెల్లగా లేచి నిలబడింది.

"ఎందుకు అడగలేదో చెప్పమంటారా? ఏదైనా అడిగితే మీరు ఏమంటారు? 'నువ్వు లే, నేను చేస్తా' అంటారు. కుర్చీలోంచి లేపేస్తారు. అయిపోయాక ఏం చేశారో చెప్పరు. నాకు చేసిపెట్టేవాళ్ళు వద్దండీ, నేను చేస్తుంటే పక్కన కూర్చునేవాళ్ళు కావాలి. ఈ ఒక్కటి నా చేత్తో అవ్వాలనుకున్నాను."

"అయితే కొత్త డబ్బా కొనుక్కోవాల్సింది!" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మన పెళ్ళయిన కొత్తలో మీరు మొదటిసారి బిగించింది ఈ డబ్బాలోనే కదా," అంది ఆమె. "ఎవరికైనా ఇచ్చేద్దామన్నా మనసొప్పలేదు. నాదీ ఇందులోనే బిగిద్దామనిపించింది."

అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి నేల చూస్తూ అన్నాడు.

"బోర్డు కింద ఇత్తడి బుడిపె ఒకటి ఎక్కువుంది. అది తగులుతోంది. తీసేస్తే చాలు."

"మీకెలా తెలుసు? విప్పి చూడందే కనబడదుగా."

"నువ్వు బిగిస్తున్న రోజే చూశాను."

"చూసి?"

"చెప్పలేదు."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భార్య అరుస్తుందనుకున్నాడు, అరిచినా బాగుండేది. ఆమె వచ్చి బల్ల మీది టార్చిలైటు తీసి అతని చేతిలో పెట్టింది.

"కూర్చోండి. వెలుగు చూపించండి. చెయ్యి మాత్రం పెట్టకండి."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె స్క్రూలు తీసి బోర్డుని రెండు చేతులా పైకెత్తింది. "ఏ మూల?" అంటే, "ఎడమ పక్క, మధ్యలోది," అన్నాడు. ఆమె వేళ్ళు జారినప్పుడల్లా అతని చెయ్యి తనంతట తానే లేచింది, మళ్ళీ మోకాలి మీదికి దించుకున్నాడు. బుడిపె ఊడివచ్చింది. బోర్డుని యథాస్థానంలో పెట్టి, తీగలన్నీ గుచ్చి, ఆమె స్విచ్ వేసింది. టైం దగ్గర పడుతోంది. వేడెక్కేదాకా ఓ సినిమా నడిపింది, ఎక్కడా ఆగలేదు. ఆమె అతన్ని బయటికి పంపి తలుపేసుకుంది.

పరీక్ష నడిచినంతసేపూ అతను గుమ్మం పక్కన నేల మీదే కూర్చున్నాడు. లోపల మీటల చప్పుడు వినబడుతున్నంతసేపు ఊపిరి ఆడింది, అది ఆగితే ఊపిరీ ఆగింది. స్కూలునుంచి వచ్చిన కూతురు, "నాన్నా, కింద కూర్చున్నావేం?" అంటే, "ష్!" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆమె ముఖం అలసిపోయి ఉంది.

"ఆగలేదు. మొత్తం రాశాను."

"అమ్మయ్య!" అని అతను లేవబోయాడు.

"ఉండండి. నా కోపం ఉద్యోగం గురించి కాదు." "ఇన్ని రోజులూ నేను చేతకానిదాన్నని నన్ను నేనే తిట్టుకున్నాను. స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. తప్పు నాలో లేదని, చిన్న బుడిపెలో ఉందని తెలిసి కూడా నన్ను అలా అనుకోనిచ్చారు."

అతని కళ్ళు నిండిపోయాయి. తల్లి ఉందని, పిల్ల ఉందని కూడా చూసుకోలేదు. "నీ మీద ఈర్ష్య పుట్టింది," అన్నాడు. "నువ్వు నాకంటే బాగా చేశావు. ఒక్కటొక్కటిగా వెతికిన పద్ధతి, నాకు ఇప్పటికీ అంత ఓపిక లేదు. అది చూసి ఓర్చుకోలేకపోయాను. పాడుబుద్ధి."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకు కాదు," అంది. "పాపకి చెప్పండి."

అతను కూతురి వైపు తిరిగాడు.

"అమ్మ నాకంటే బాగా చేసిందమ్మా."