కొత్త బండి, రెండో డ్రైవరు

ఆ బండి మార్కెట్లోకి వచ్చి పద్దెనిమిది రోజులైంది. దానికి బీమా కోసం మన పశువుల డాక్టరు తిరగడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది. రోడ్డు లేని చోట కూడా పరిగెత్తే బండిని బుక్ చేసి, తను మాత్రం రోడ్డున పడ్డాడు పాపం!

బుధవారం పొద్దున్నే ఆరో ఆఫీసు మెట్లెక్కాడు. ఏ కంపెనీ బీమా అయినా ఇప్పించే ఆఫీసు అది. అద్దం వెనక ఒక అమ్మాయి. చెవి మీద పెన్ను, ముందు ఫైళ్ల గుట్ట.

"బీమాకి ఎంతవుతుందో కోట్ కావాలండీ."

ఆమె బండి పేరు కంప్యూటర్లో కొట్టింది. చూసింది. నమ్మకం కుదరక మళ్లీ కొట్టింది. వచ్చిన అంకెని కాగితం మీద రాసి అద్దం కిందనుంచి తోసింది.

"ఇది కోట్ కాదు మేడమ్, కోట! బీమా అడిగితే భీముణ్ని పంపిస్తున్నారేంటి?"

నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. "కొత్త బండి కదండీ. ఇప్పటిదాకా ఒక్కటీ ఎక్కడా పడలేదు. పడితే బాగుచేయడానికి ఎంతవుతుందో ఎవరికీ తెలీదు. తెలీనప్పుడు ఎక్కువే వేస్తారు."

"అయితే నాకంటే ముందు ఎవరో ఒకరు పడాలన్నమాట!"

"మీరు మాత్రం పడకండి, ప్లీజ్. కూర్చోండి."

ఆ 'ప్లీజ్'కి డాక్టరు కుర్చీలో కూర్చోలేదు, కూలబడ్డాడు. పదకొండు రోజుల్లో అతన్ని కూర్చోమన్న మొదటి మనిషి ఆమే.

కథంతా చెప్పుకున్నాడు. పాల సంఘం వాళ్లు కొండమీది పన్నెండు పల్లెల పశువుల వైద్యం ఏడాదిపాటు అతనికి అప్పగించారు. సోమవారం నుంచి పని. మోటార్ సైకిల్ మీద వెళ్తే మూడుసార్లు జారిపడ్డాడు. ఆ ఇరుకు బాటల్లో పట్టే బండి ఇదొక్కటే. బీమా కాగితం లేనిదే షోరూమ్ వాళ్లు తాళం ఇవ్వరు. శనివారం సాయంత్రం ఐదు దాటితే ఇంకొకరికి అమ్మేస్తారు.

"సోమవారానికి బండి లేకపోతే?"

"పని ఇంకో డాక్టరుకి ఇస్తారు. ఆయనకి బండి ఉంది. పశువులంటేనే భయం."

ఈసారి ఆమె నవ్వు ఆగలేదు. "ఫారం నింపి ఇవ్వండి. రేపు పన్నెండింటికి రండి."

గురువారం పన్నెండింటికి ఎగురుకుంటూ వచ్చాడు. "మేడమ్! షోరూమ్ అతను సగం ధరకే ఇప్పిస్తానంటున్నాడు. తారురోడ్డు మీదే నడుపుతానని రాసిస్తే చాలట!"

ఆమె ముఖం ముడుచుకుంది. "కొండెక్కుతారా, ఎక్కరా?"

"ఎక్కుతాను."

"మరి అలా ఎలా రాస్తారు?"

"కాగితం మీదే కదండీ!"

"బండి లోయలో పడ్డాక కంపెనీ వాళ్లు చదివేది ఆ కాగితమే. పైసా ఇవ్వరు."

పన్నెండు రోజుల విసుగంతా ఒక్కసారిగా అతని నోట్లోంచి ఊడిపడింది. "అర్థమైందిలెండి. అక్కడ కడితే మీ కమిషన్ పోతుంది. అంతేగా?"

ఆమె అతని కాగితాల అంచులు సరిచేసి, పిన్ను కొట్టి వెనక్కిచ్చింది. తిట్టినా బాగుండేది!

బయట వాన. వాన చినుకులకంటే గట్టిగా, తనన్న మాటే చెవుల్లో టపటపలాడింది. షోరూమ్ వైపు వెళ్లబోయి ఇంటికి వెళ్లాడు.

"ఏంట్రా ఆ ముఖం? ఏ గేదైనా తన్నిందా?" అంది తల్లి.

జరిగింది చెప్పాడు.

"ఆడపిల్లని పట్టుకుని అంత మాట అన్నావా? గేద తన్నాల్సింది నిన్నే. రేపు పద నాతో."

శుక్రవారం కౌంటరు ముందు తల్లే నిలబడింది. "అమ్మాయ్, పశువులతో మాట్లాడి మాట్లాడి మావాడికి మనుషులతో మాట్లాడ్డం రాకుండా పోయింది. మనసులో పెట్టుకోకు. ఇంతకీ నీకు కమిషన్ ఎంతమ్మా?"

"నాకు జీతమేనండీ."

అప్పుడు చూశాడు డాక్టరు. ఆమె ముందున్న కాగితం మీద అతని బండి పేరు. దాని కింద తొమ్మిది కంపెనీలు, ఎనిమిది కొట్టేసి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఫోన్ చేసిన రోజు, టైము. అన్నీ ఒంటిగంటకీ రెండింటికీ మధ్యే. అద్దం మీద బోర్డేమో 'భోజన విరామం 1 నుంచి 2'. చివరి నాలుగూ గురువారానివి. అంటే అతను నోరు పారేసుకుని వెళ్లాక, ఆమె అన్నం మానేసి నాలుగు ఫోన్లు చేసింది!

"సారీ అండీ" అన్నాడు.

"సారీ తర్వాత. తొమ్మిదో కంపెనీ వాళ్లు బండిని కాదు, నడిపేవాళ్లని చూసి రేటు వేస్తామంటున్నారు. మచ్చలేని రికార్డున్న రెండో డ్రైవరు ఉంటే బాగా తగ్గిస్తారు. నిజంగా నడిపే మనిషై ఉండాలి. మీ ఫారంలో ఇంట్లో వేరే డ్రైవర్లు లేరని రాశారు."

"లేరండీ. నేనూ అమ్మా, అంతే."

తల్లి మెల్లగా అతని వైపు తిరిగింది. "ముప్పై ఏళ్లు నేనేం చేశానురా?"

"అంబులెన్స్ నడిపావు."

ఆ అమ్మాయి చెవి మీది పెన్ను కింద పడింది. "ఒక్క యాక్సిడెంటైనా..."

"ఒక్క గీత కూడా లేదమ్మా."

"మరి లేరని ఎలా రాశారండీ?"

డాక్టరు తల గోక్కున్నాడు. "అమ్మని డ్రైవరనుకోలేదండీ. అమ్మే అనుకున్నాను."

"ఆవుకి పురుడు పోసొచ్చాక వీడి చేతులు వణుకుతుంటాయి. తిరుగుదారిలో స్టీరింగ్ నాదే" అంది తల్లి. "రాసుకో."

తల్లి వయసు అరవై దాటింది కాబట్టి ఆఫీసు మనిషి ఎదుట నడిపి చూపించాలంది కంపెనీ. శనివారం పొద్దున షోరూమ్ వాళ్ల ట్రయల్ బండిలో కొండబాట పట్టారు. స్టీరింగ్ దగ్గర తల్లి, పక్కన రిపోర్టు రాస్తూ ఆ అమ్మాయి, వెనక సీట్లో బుద్ధిగా డాక్టరు. గుంతలన్నీ తల్లికి దారి ఇచ్చాయి. రిపోర్టులో ఒక్క అక్షరం వంకర పోలేదు.

"అమ్మాయ్, ఆ అద్దంలో చూడు. మావాడు రోడ్డు చూస్తున్నాడా?"

ఆమె చూసింది. చప్పున కళ్లు దించుకుంది. "రోడ్డు కాదండీ."

"నాకూ అదే అనుమానం."

నాలుగూ ఇరవైకి పాలసీ వచ్చింది. మొదటి అంకెలో మూడోవంతు. కొండబాటలతో సహా అన్నిటికీ కవర్! ఐదు లోపల తాళం డాక్టరు చేతిలో పడింది.

మంగళవారం ఆఫీసు ముందు పైదాకా బురదకొట్టుకుపోయిన బండి ఆగింది. డాక్టర్ని చూసి ఆమె గాభరాగా లేచింది. "ఏమైంది? క్లెయిమా?"

"బండికేం కాలేదండీ. నిన్న కొండమీద ఒక ఆవు ఈనలేక అల్లాడిపోతోందని కబురొచ్చింది. నలభై నిమిషాల్లో వెళ్లాం. తల్లీ దూడా బతికాయి. పాత మోటార్ సైకిలైతే రెండు గంటలు, రెండు ప్రాణాలు పోయేవి." ఒక్క క్షణం ఆగాడు. "నేను అనరాని మాట అన్నా, మీరు నా పని వదల్లేదు. ఇది మీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

"ఫోన్లో చెప్పొచ్చుగా!"

"ఫోన్లో మీరు కనిపించరు."

లైన్లో ఉన్న పెద్దాయన దగ్గాడు. "బాబూ, మాకూ పనుంది."

"ఉండండి బాబాయ్, ఇది తేలనివ్వండి" అంది వెనకున్నావిడ.

అద్దం వెనక అమ్మాయి గొంతు తగ్గించింది. "శనివారం మీ పాలసీ వచ్చినప్పుడు ఎంత సంతోషపడ్డానో! ఫైలు మూస్తుంటే మాత్రం ఏడుపొచ్చింది. పనైపోయింది కదా, ఇంక రారనుకున్నా."

డాక్టరు అద్దానికి దగ్గరగా వంగాడు. "అమ్మ బండిలో ఉంది. మీ అమ్మానాన్నలతో మాట్లాడాలట. సాయంత్రం ఎన్నింటికి రావచ్చో కనుక్కోమంది."

"మరి మీరేం కనుక్కోవడానికి వచ్చారు?"

"మీకు ఇష్టమో కాదో."

లైను మొత్తం ముందుకి వంగింది.

"ఆరున్నరకి రండి" అంది. "నాన్న ఆరింటికొస్తారు. నాకు ఇష్టమేనని ఆయనకి చెప్పడానికి అరగంటైనా కావాలిగా!"