జర లేపవా అన్నా

తాండూరు కెల్లి బషీరాబాద్ పోయే తొవ్వల, కంది చేన్లు దాటినంక ఒక పాత నాపరాళ్ళ గని ఉన్నది. పని బందైపోయి ఏండ్లయింది. తవ్విన గుంతల నీళ్ళు నిలిచినయి. పనికిరాని బండలన్నీ పక్కకు పోస్తె పోస్తె పెద్ద గుట్టయింది. పొద్దుందాక గా గుట్ట పొంటి మేకలు మేస్తయి, పిల్లగాండ్లు రేగ్గాయలు ఏరుకుంటరు. పొద్దుగూకిందా... కుక్క సుత అటు దిక్కు పోదు.

ఎందుకంటరా? రాత్రయితె గా గుట్ట మీద ఒక నీలి దీపం కనబడ్తది. దీపం ఎన్క నల్లగ, తలకాయ లేని మనిషి లెక్క ఏదో కూసోని ఉంటది. జర సేపటికి ఒక ఆడపిల్ల గొంతు... సన్నగ...

"అన్నా... పడిపోయిన... జర లేపవా..."

ఇన్నోళ్ళు ఒక్కలు సుత ఎన్కకు మర్రి చూడలే. చెప్పులిడిసి ఉర్కినోళ్ళున్నరు. సైకిల్ మోటర్ ఆడ్నే పడేసి, తెల్లారి నలుగుర్ని ఎంటేసుకొని పోయి తెచ్చుకున్నోళ్ళున్నరు. నవ్వకుండ్రి, మీరైతె ఏం జేస్తుంటిరో నాకెర్కలేదా!

గా గొంతు అందరికంటె ముందు ఇన్నది పరమేశ్. తాండూరు అడ్డ మీద షేరింగ్ ఆటో నడుపుతడు. మొన్నటి పెత్రమాస నాడు రాత్రి, సన్నగ ముసురు వడ్తుంటె, కిరాయి దించి ఒక్కడే వాపసొస్తుండు. పెత్రమాస అంటె తెల్సుగద — సచ్చిపోయిన పెద్దలకు బియ్యమిచ్చే దినం. గసోంటి దినం, గసోంటి జాగల, వీడు ఒంటికి పోదామని ఆటో ఆపిండు. లైటు గుట్ట మీద పడ్డది. గప్పుడే ఇనబడ్డది — "అన్నా..."

మన మొనగాడు ప్యాంటు పట్టుకొని ఆటోల పడ్డడు. తాండూరు వచ్చేదాక బ్రేకు తొక్కలే.

గీ ముచ్చట చాయ్ హోటల్ కాడ ఎన్నిసార్లు చెప్పిండో వానికే ఎర్కలే. చెప్పినప్పుడల్లా దెయ్యానికి జానెడు జుట్టు పెరుగుతది. పండుగ దినాలల్లనే గా గుట్ట మీద పడి గొర్లోళ్ళ పిల్ల ఒకామె పాయెనని తెలిసినంక, వాని కథకు ఇంకింత బలమొచ్చింది.

"చూసిన్రా? నన్ను పట్టుకోరాకపాయె... పాపం గా పిల్లను మింగె."

నిజంగనే పాపమనుకున్నడు. మంచోడే, జర నోరెక్కువ గంతే.

పరమేశ్‌కు ఇంకో పిచ్చి సుత ఉన్నది — ఫోన్ల ఆట. నెట్ మీద జోడుకట్టి ఆడే తుపాకుల ఆట. హెల్మెట్, జాకెట్, తుపాకి అన్నీ ఆటలనే కష్టపడి సంపాదించుకోవాలె. అవి ఏసుకొని దిగినంక సచ్చినవా, ఒంటి మీదున్నదంత పాయె... మల్ల మొదటికెల్లి. దెబ్బ తగిలి కిందపడ్డోన్ని జోడుగాడు ఉర్కొచ్చి లేపితె బత్కుతడు. లేపకుంటె అంతే సంగతులు.

రెండేండ్లు తిప్పలు పడితె పరమేశ్‌కు బంగారు జాకెట్ దొర్కింది. అడ్డ మీద ఇంకెవ్వలకు లేదు. సరిగ్గ తుపాకి ఎక్కువెట్టినప్పుడే నెట్ పోయి, తెర మీద చక్రం గిర్రగిర్ర తిరిగితె — గా దినం వాని ఆటో ఎక్కినోళ్ళ ఖర్మ. టవర్లోన్ని తిడ్తడు, ఫోన్ చేసినోన్ని తిడ్తడు, ఎదురొచ్చిన బర్రెను తిడ్తడు.

ఇగ గా రాత్రి ముచ్చట. చలి కొరుకుతున్నది. బషీరాబాద్‌ల ఆఖరు కిరాయి దించి వస్తున్నడు. గని దగ్గరికొస్తుంటె పాటల సప్పుడు పెంచిండు, ఆటో జోరు చేసిండు, కండ్లు తొవ్వ మీదనే పెట్టుకున్నడు...

ఠప్ మన్నది.

టైరు పలిగింది. సరిగ్గ గుట్ట ముంగట్నే. స్టెప్నీ తీసి చూస్తె దాంట్ల గాలి లేదు. ఫోన్ తీసిండు. గీతలన్ని నిండుగున్నయి. తాండూరు నడిబజార్ల సుత గింత సిగ్నల్ రాదు. దోస్తు పాండుకు ఫోన్ కొట్టిండు.

"టైర్ తీస్కొని జల్ది రారా."

"వస్త గని... యాడున్నవ్?"

"గని కాడ."

పాండు ఫోన్ పెట్టేసిండు. మల్ల ఎత్తలే.

అటో ఇటో నడుస్తె ఊరు దూరం. గాలి లేదు, పురుగు సప్పుడు లేదు. చూడొద్దు చూడొద్దు అనుకుంటనే చూసిండు.

గుట్ట మీద నీలి దీపం.

దాని ఎన్క నల్లగ... తలకాయ లేకుండ...

"అన్నా... పడిపోయిన... జర లేపవా..."

అదే గొంతు. అదే పిలుపు. ఉర్కుదామంటె కాళ్ళు రాలే. ఏడాదికొక్కపారి మొక్కే దేవుండ్లందర్ని యాది చేసుకున్నడు.

"అన్నా... జర..."

గొంతు ఆగింది. గా ఎన్క ఇంకో సప్పుడొచ్చింది — డుండుం... డుం అని. చిన్న సంగీతం.

పరమేశ్ చెవులు నిక్కపొడిసినయి. గా సప్పుడు వాడు నిద్రల సుత గుర్తు పడ్తడు. ఆటల మనిషి సచ్చినప్పుడు కొట్టే సప్పుడది!

దెయ్యం ఆట ఓడిపోయింది.

బుగులు పోలే. గని బుగులు మీద ఇంకేదో ఎక్కి కూసున్నది. బండలు పట్టుకొని, ఒక్కొక్క అడుగే ఏసుకుంట గుట్ట ఎక్కిండు. దగ్గరికి పోంగనే కాలు కింద పెంకు కదిలింది.

"యారు?" అన్నది నల్లటి ఆకారం. మల్ల, "ఎవలు?"

తల మీదికెల్లి గొంగడి జరిగింది. లోపల ఒక ముసలాయన. చేతుల ఫోన్, ఫోన్ ఎలుగు గడ్డం మీద పడ్తున్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక పరమేశ్ ఆడ్నే కూలవడ్డడు.

"భయపడ్డవా కొడుకా?" అన్నడు ముసలాయన. "అందరు ఉర్కుతరు. నేనేం జేయను... ఊర్ల నెట్ రాదు. గీడ్నే వస్తది."

పేరు మల్లప్ప. గొర్లు కాసుకొని బత్కుతడు.

"కాకా... గా గొంతు...?"

"నా బిడ్డది. నాగరాణి."

పండుగ దినాలల్ల గుట్ట మీద పడి పోయిన గా గొర్లోళ్ళ పిల్ల ఈయన బిడ్డనే. తల్లి లేని పిల్ల. తాండూరుల డిగ్రీ చదువుకుంట, ఇంటికొచ్చినంక గీ ఆట ఆడేది. ఇంట్ల ఆడితె నడిమిట్ల నెట్ పోయేది. పోయినప్పుడల్లా సచ్చేది, సంపాదించిందంత పోయేది. ఏడ్సుకుంట మల్ల సంపాదించేది. ఆఖరుకు ఎవలేమన్నా ఇనకుండ గీ గుట్ట ఎక్కుడు మొదలువెట్టింది.

గా ఆటల మనిషి మాటలకు మన సొంత గొంతు పెట్టుకోవచ్చు. నాగరాణి పెట్టుకున్నది. ఆటల ఆమె మనిషి కిందపడితె, ఆమె గొంతే పిలుస్తది.

"నాకు అక్షరం రాదు కొడుకా," అన్నడు మల్లప్ప. "ఆకుపచ్చ దాని మీద ఒత్తితె ఆట మొదలైతదని బిడ్డనే చూపిచ్చింది. ఒత్తుత. ఎవడో వచ్చి కొడ్తడు. పడ్తది. పడ్డప్పుడు... పిలుస్తది. గా ఒక్క మాట కోసం రోజొస్త."

ఫోన్ తెర పరమేశ్ దిక్కు తిప్పిండు.

"బిడ్డ సంపాదించిన సామానంత నేనే పోగొట్టిన. ఒకటెన్క ఒకటి గుంజుకపోయిన్రు. మంచి మంచి జాకెట్లుండె. గిప్పుడు చూడు, ఉత్త అంగి మీదున్నది. గొంతు ఇనాలంటె బిడ్డ పడాలె... నేనేం తండ్రిని?"

"ఇన్ని దినాలాయె," అన్నడు మల్లప్ప, "జోడుకు ఎవలెవలో వస్తరు. పిలుస్తనే ఉంటది. ఒక్కడన్న ఆగడు. నీకు గీ ఆట వస్తదా కొడుకా?"

"వస్తది కాకా."

"ఒక్కపారి... ఒక్కపారి నా బిడ్డను లేపుతవా?"

గదెంత పని అనుకున్నడు పరమేశ్. తన ఫోన్ తీసి, నాగరాణి పేరు జోడుకు పిలుసుకున్నడు. ఇద్దరు దిగిన్రు. మల్లప్పకు ఆటల మనిషిని నడిపిచ్చరాదు, నాగరాణి ఉన్నకాడ్నే నిలవడ్డది. ఎక్కడికెల్లో తుపాకి పేలింది. పడ్డది.

"అన్నా... పడిపోయిన... జర లేపవా..."

గుట్ట మీద, చెవి పక్కన్నే ఇనబడ్డది. ఆటల పరమేశ్ ఉర్కుతున్నడు. ఇంకింత దూరం... ఇంకింత...

చక్రం తిరిగింది. 'కనెక్షన్ పోయింది' అని వచ్చింది.

మల్ల వచ్చేటాలకు డుండుం... డుం. అయిపోయింది.

"తీ నీయవ్వ!" అని ఫోన్‌ను బండకేసి కొట్టబోయి ఆగిండు. మల్లప్ప నారాజ్ కాలే. ఆయనకు అల్వాటే.

"పోనీ తియ్యి కొడుకా. నా బిడ్డకు సుత గట్లనే అయ్యేది."

నెట్ వచ్చేదాక ఇద్దరు ఒక్క గొంగట్ల కూసున్నరు. ఊకె కూసోలేక పరమేశ్ అడిగిండు —

"చెల్లె... ఎట్ల పడ్డది కాకా?"

"ముసురుకు బండలు జారినయి. కాలు మీద పెద్ద బండ పడ్డది. గీ ఫోనే బండల సందుల పడిపోయింది, చేతికందలే. నేను గా రాత్రి కర్ణాటక దిక్కు చేన్ల మంద ఆపి పండిన. తెల్లారొచ్చి ఎతికితె బిడ్డ గీడ దొర్కింది, ఫోన్ తర్వాత తీసిన. అప్పటికే రక్తమంత పోయింది. తాండూరుల చేతగాదన్నరు. జీపుల ఏసుకొని వికారాబాద్ దావఖానకు తీస్కపోతుంటె, ధారూర్ దాటినంక... నా ఒళ్ళెనే పాణమిడిసింది."

"ఎప్పుడు?"

"పెత్రమాస రాత్రి పడ్డది."

పరమేశ్ కింద తొవ్వ మీదున్న తన ఆటో దిక్కు చూసిండు.

"తొవ్వల మాట్లాడుకుంటనే వచ్చింది," అన్నడు మల్లప్ప. "ఒక ఆటో ఆగింది నాయినా, లైటు నా మీదనే పడ్డది, అన్నా అని మస్తు మొత్తుకున్న అన్నది. మరి రాలేదా బిడ్డా అంటె... పాపం ఆయనకు ఇనబడలేదేమో నాయినా, నా గొంతు కట్ అయిందేమో అన్నది. ఎవలో ఏమో. ఇనబడితె రాకుండుంటడా? మనిషే గద."

చాయ్ హోటల్ కాడ తాను చేతులు ఊపుకుంట చెప్పింది, జనం నోరెళ్ళబెట్టి ఇన్నది, జానెడు జానెడు పెంచిన జుట్టు — అన్నీ పరమేశ్ కండ్ల ముంగట తిరిగినయి. లైటు పడ్డది నిజమే. ఇనబడ్డదీ నిజమే. దెయ్యమే లేదు గాడ. ఒక ఆడపిల్ల ఉండె, కాలు మీద బండ తోటి.

నేనే కాకా అని కాళ్ళ మీద పడుదామనుకున్నడు. ఆయన మొకం చూసిండు. ఆ ముసలాయన ఇంకా బత్కుతున్నదే 'ఇనబడి ఉండదు' అన్న ఒక్క మాట మీద. అదొక్కటి సుత గుంజుకుంటె ఇంకేమున్నది ఆయనకు?

"గీతలొచ్చినయి కొడుకా," అన్నడు మల్లప్ప. "ఇంకోపారి ఆడుదమా?"

దిగంగనే మొదలు పరమేశ్ తన బంగారు జాకెట్ ఇడిసి నాగరాణి ముంగట పెట్టిండు. మల్లప్ప ఏలు పట్టి ఒత్తిచ్చి, ఆమెకు తొడిగిచ్చిండు. రెండేండ్ల కష్టం. గా రాత్రి అది వానికి ఈకతో సమానం.

"అబ్బ... మంచిగ మెరుస్తున్నది నా బిడ్డ," అన్నడు మల్లప్ప.

తుపాకి పేలింది. ఒక దెబ్బ జాకెట్ ఆపింది. రెండోదానికి పడ్డది.

"అన్నా... పడిపోయిన..."

పరమేశ్ ఉర్కిండు. ఒంటి మీద జాకెట్ లేదు, దెబ్బ మీద దెబ్బ తగుల్తున్నది. కండ్లు నిండి తెర కానొస్తలేదు. చక్రం తిరగ మొదలువెట్టింది... "పోకే, పోకే, నీకు దండం పెడ్త పోకే" అని నెట్‌ను బతిమాలుకున్నడు. చక్రం ఆగింది. నాగరాణి పక్కన మోకాళ్ళ మీద కూసున్నడు. చెయ్యి పట్టిండు.

నాగరాణి లేచింది.

లేచి, ఫోన్ల కెల్లి అన్నది — మల్లప్ప ఎన్నడు ఇనని మాట. ఎవ్వలూ లేపలేదు గనక ఇన్ని దినాలు ఎవ్వలకు ఇనబడని మాట. నవ్వుకుంట అన్నది —

"వచ్చినవా అన్నా! నువ్వొస్తవని నాకెర్కే."

మల్లప్ప చిన్నపోరని లెక్క ఎగిరి పరమేశ్ భుజం పట్టుకున్నడు. "ఇన్నవా! కొత్త మాట కొడుకా! నా బిడ్డ కొత్త మాట మాట్లాడింది!" అని నవ్వుకుంటనే ఏడుస్తున్నడు. పరమేశ్ గొంగట్ల మొకం పెట్టుకొని ఒర్రిండు. ఆయనేమో తన బిడ్డ కోసమే ఏడుస్తున్నడనుకొని, ఈపు నిమిరిండు.

గప్పటికెల్లి చాయ్ హోటల్ కాడ పరమేశ్ గా కథ చెప్తలేడు. అడిగినా చెప్పడు. ఆఖరు కిరాయి దించినంక ఎటు పోతడో సుత చెప్పడు.

గుట్ట మీద గిప్పుడు రెండు దీపాలు కనబడ్తున్నయట. దెయ్యానికి జోడు దొర్కిందని జనం ఇంకింత దడుసుకుంటున్నరు. మొన్న పాండు గదే ముచ్చట చెప్తుంటె పరమేశ్ పక్కనే ఉండె. చాయ్ సల్లారిపోయేదాక గ్లాస చేతుల పట్టుకొని, కింద చూసుకుంట కూసున్నడు.