బల్ల గుడ్డ

"పోయిన సోమవారం విప్పిన సబ్బు. ఇప్పుడు చూడు, తమలపాకు మాదిరి అయిపోయింది," అంటూ ప్రేమలీల సబ్బుపెట్టెను తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

ఫేబీ కుక్కర్ మూత తీసి పప్పు చూస్తోంది. అన్ని విజిల్స్ వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంది. పప్పుగుత్తి అందుకుంటూ, "నేనొక్కదాన్నే రుద్దుకుంటానా అత్తయ్యా? ఇంట్లో నలుగురం గదా," అంది.

"ముగ్గురం ఉన్నప్పుడు ఇదే సబ్బు నెలంతా వచ్చేది."

అద్దం ముందు తల దువ్వుకుంటున్న రూఫస్ దువ్వెన పైకెత్తి చూపించాడు. "ఇదిగో మా, నా జుట్టు గూడా దినామ్మూ రాలిపోతా ఉంది. అది గూడా నీ కోడలే పెరుకుతా ఉందేమో అడుగు."

పేపరు వెనక అతని తండ్రి మాథ్యూ మాస్టారు నవ్వాడు. ఆడవాళ్ళిద్దరూ నవ్వలేదు. సబ్బు గురించి మొదలైన మాట సబ్బు దగ్గర ఆగదని ఇద్దరికీ తెలుసు.

అసలు సంగతి బల్ల గుడ్డ. వాళ్ళ సంఘంలో నెలకోసారి ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం బల్ల మీద పరిచే తెల్లటి గుడ్డ అది. దాన్ని మిషన్లో వెయ్యరు, ఇస్త్రీ బండికి ఇవ్వరు. ఒక ఇంటి ఆడవాళ్ళే చేత్తో ఉతికి, పల్చటి గంజి పెట్టి, ఆరవేసి తేవాలి. ఉతికిన నీళ్ళను కూడా కాలవలో పారబోయకుండా ఏ మొక్క పాదులోనో పోస్తారు. ఆ పని ప్రేమలీల అత్తగారి నుంచి ప్రేమలీలకు వచ్చింది. ప్రేమలీల నుంచి ఫేబీకి రావాలి.

పోయిన నెల మొదటిసారి ఫేబీ చేతికి ఇచ్చింది. ఫేబీ గంటసేపు ఉతికింది. ఎన్ని నీళ్ళలో జాడించినా గుడ్డ మీద మసక పొర పోలేదు. ఆరిన తర్వాత బూడిద రంగు తిరిగి, అట్టలా బిగుసుకుపోయింది. ఆదివారం పాస్టరమ్మ గుడ్డ అంచును రెండుసార్లు తడిమి చూసింది. ఆ వారం స్త్రీల సమాజంలో ప్రేమలీల అందరి ముందూ, "ఏం చెయ్యమంటారు, సముద్రం పక్క పిల్ల. ఉప్పు నేల చెయ్యి," అంది. ఈ నెల ప్రభు భోజనం ముగిశాక గుడ్డను సంఘంలోనే ఉన్న రెజీనా ఇంటికి ఇచ్చేస్తానని కూడా చెప్పింది. ఆ ఆదివారమే రెజీనాను భోజనానికి పిలిచింది. గుడ్డ తీసుకుపోవడానికే ఆ పిలుపు.

ఉప్పు నేల చెయ్యి అన్న మాట ఫేబీకి ముల్లులా గుచ్చుకుంది. ఏడవలేదు. తన చేతి మీద పడిన మచ్చతో ఆ గుడ్డ ఇంకో ఇంటికి పోకూడదని మాత్రం గట్టిగా అనుకుంది.

మంగళవారం నెల్లూరులో బస్సెక్కి పుట్టింటికి వెళ్ళింది. కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే వాళ్ళ ఊరు. నాన్న పరంజ్యోతికి సరుగుడు తోట పక్కన కొంచెం వేరుశనగ, కూరగాయల మడులు ఉన్నాయి. మడుల మధ్య దొరువు. ఇసుకలో మనిషి లోతు తవ్విన గుంట, అంతే. కెరటాల చప్పుడు వినపడేంత దగ్గర్లో సముద్రం ఉన్నా అందులో నీళ్ళు తియ్యగా ఊరతాయి. ఫేబీ దొరువు గట్టున కూర్చుని తన జేబురుమాలుకు సబ్బు రాసింది. రెండుసార్లు నలిపేసరికి మోచేతి దాకా నురగ వచ్చింది. ఒక్క చెంబుతో జాడిస్తే మెత్తగా, తెల్లగా బయటపడింది.

ఆమె చాలాసేపు ఆ రుమాలును చూస్తూ కూర్చుంది. నెల్లూరులో ఇదే చెయ్యి, ఇదే సబ్బు. అక్కడ నురగకు బదులు జిడ్డు తెట్టు కడుతుంది. పప్పు ఉడకదు. కుళాయి మూతికి సున్నపు పెచ్చు, బకెట్ అంచున తెల్లటి గీత, వేణ్ణీళ్ళ హీటరు కడ్డీకి పెంకు. అవన్నీ రోజూ తోముతూనే ఉంది, ఒక్కరోజూ కలిపి చూడలేదు. నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా లేవు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

రెండు క్యాన్ల దొరువు నీళ్ళతో బస్సు దిగి ఆటోలో ఇంటికొచ్చింది. గేటు దగ్గర పక్కింటి రోజారమణి చూసి, "ఏంది ఫేబీ, పెన్న ఒడ్డుకు నీళ్ళు మోసుకొచ్చినావే!" అని నవ్వింది.

మాథ్యూ మాస్టారికి ఆ నవ్వు తగిలింది. ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పినవాడు. పెన్న పేరెత్తితే గొంతు మారిపోతుంది. మన కుళాయిలో వచ్చేది ఏటి నీళ్ళని, ఏటి నీళ్ళకు వంక పెట్టినవాళ్ళను తానింతవరకూ చూడలేదని కోడలికి చెప్పాడు. ఏరు మంచిదే మామయ్యా, దార్లో ఏ బోరు నీళ్ళు కలుస్తున్నాయో, ఇంటికొచ్చే నీళ్ళలో సున్నముంది అని ఫేబీ నిదానంగా బదులు చెప్పింది. రెండు గ్లాసుల్లో రెండు నీళ్ళు పోసి సబ్బు ముక్క తిప్పి చూపించింది. ఒకదాంట్లో నురగ. రెండోదాంట్లో విరిగిన పాలలాంటి తెట్టు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూశాడు. ప్రేమలీల మాత్రం గ్లాసులు తీసుకుపోయి తొట్టిలో ఒంపేసింది.

"గుడ్డ పాడుచేసింది చాలక నీళ్ళకు కూడా పేరు పెడతా ఉండావా? రెండేళ్ళుగా ఈ నీళ్ళతో నేను ఉతకలేదా?"

"ఉతికినారు అత్తయ్యా. అప్పుడు తెల్లగా వచ్చిందా?"

ప్రేమలీల ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. "నాకే ఎదురు చెప్పేంత దానివైనావు," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తాను అడిగింది ఒక ప్రశ్నే. దానికి అంత కోపం ఎందుకో ఫేబీకి అర్థం కాలేదు.

శనివారం పొద్దున అర్థమైంది.

ఫేబీ లేచేసరికి పెరట్లో బండ మీద గుడ్డ చప్పుడు వినిపించింది. ప్రేమలీల బల్ల గుడ్డ ఉతుకుతోంది. పక్కన సోడా పొట్లం, నీలిమందు సీసా. అప్పటికే చాలాసార్లు జాడించినట్టుంది, మల్లెపాదు నిండి నీళ్ళు బయటికి కారుతున్నాయి. పాదులో మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంది. గుడ్డ ఇంకా బూడిద రంగులోనే ఉంది. ప్రేమలీల వేళ్ళ కణుపులు పగిలి, గుడ్డ అంచుకు సన్నటి ఎర్ర మరక అంటింది.

ఫేబీ వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. ప్రేమలీల విడిపించుకోలేదు.

"కాంపౌండు ఇంట్లో ఉన్నప్పుడు మల్లెపువ్వులా వచ్చేది," అంది తలొంచుకునే. "ఇక్కడికి వచ్చినాక రావటం లేదు. సోడా పెంచినా, నీలిమందు పెంచినా. నా చేతుల్లో సత్తువ పోయిందనుకున్నా. మా అత్త అనేది, మనసు శుద్ధిగా లేకపోతే ఆ గుడ్డ తెల్లబడదని. ప్రభువు నన్ను వద్దంటున్నాడేమోనని భయమేసింది ఫేబీ. నువ్వు ఉతికినప్పుడూ అట్నే వస్తే... నాది గాదులే అని ప్రాణం తేలిక పడింది. నీ మీదికి తోసేసినా."

ఫేబీకి కోపం రావలసింది, రాలేదు. తాను కాపురానికి వచ్చిన నెలలోనే వాళ్ళు మిషన్ కాంపౌండులో బావి ఉన్న పాత ఇల్లు వదిలి ఈ కాలనీకి మారారు. కొత్త కోడలూ కొత్త కుళాయీ ఒక్కసారే వచ్చాయి. కనిపించే తప్పులన్నీ కోడలి ఖాతాలో పడ్డాయి, కనిపించనిది ఈమె గుండెల్లో పడింది. రెండేళ్ళూ అదే నీళ్ళు ఇద్దరినీ సతాయించాయి.

"మీ చేతులకేం కాలేదు అత్తయ్యా. మీ మనసుకూ ఏం కాలేదు. లేవండి."

లోపలికి వెళ్ళి దొరువు నీళ్ళ క్యాను మోసుకొచ్చింది. ప్రేమలీల ఆ క్యాను వైపు చూసి, పీట జరిపి చోటిచ్చింది. ఫేబీ ఉతికింది. మొదటి నీళ్ళలో పాత సబ్బు తెట్టు మడ్డిలా వదిలింది. రెండోసారి నురగ పొంగింది. ఒక అంచు ఆమె, ఒక అంచు ఈమె పట్టుకుని పిండారు. తీగ మీద ఎండలో గుడ్డ విచ్చుకుంటుంటే ప్రేమలీల పగిలిన వేళ్ళను కొంగులో దాచుకుని, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడింది.

ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికొచ్చాక అందరూ భోజనానికి కూర్చున్నారు. మామిడికాయ వేసిన చేపల పులుసు, పప్పు, చారు. రెజీనా గుడ్డ తీసుకుపోవడానికి మంచి సంచి కూడా వెంట తెచ్చుకుంది. ఈ రోజు బల్ల గుడ్డ పెళ్ళికూతురి ముసుగులా ఉందని, పాస్టరమ్మ కూడా అన్నదని చెప్తూ కూర్చుంది. మాథ్యూ మాస్టారు పప్పు కలుపుకుని ఆగి, "ఇంత మెత్తగా ఎట్టా ఉడికింది ఇయ్యాళ?" అన్నాడు.

"మిగిలిన క్యాను నీళ్ళు మామయ్యా," అంది ఫేబీ.

మాస్టారు ఇంకో ముద్ద తిని, ఏటి మాట ఎత్తలేదు.

ప్రేమలీల వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

"రెజీనా, నిన్ను ఊరికే పిలిపించినట్టయింది, ఏమనుకోవద్దు. బల్ల గుడ్డ ఈ ఇంటి నుంచి పోదు. వచ్చే నెల నుంచి ఫేబీ ఉతుకుతుంది. నేను రెండో అంచు పట్టుకుంటా. బల్లకు ముందు శుక్రవారం ఇద్దరం బస్సెక్కి వాళ్ళ నాయన దొరువు దగ్గరికి పోతాం. వానలు పడితే మిద్దె మీద నీళ్ళు పట్టుకుంటాం." ఫేబీ వైపు చూసింది. "సమాజంలో ఈ పిల్ల చెయ్యి గురించి నేనొక మాట అన్నా గదా. బుధవారం అక్కడే, అందరి ముందరే, తప్పని చెప్తా. నువ్వు గూడా వచ్చి విను."

ఫేబీ కళ్ళలో నీళ్ళు తిరిగి కంచం మసకబారింది.

"అయితే నా జుట్టు సంగతి?" అన్నాడు రూఫస్.

"నువ్వు గూడా దొరువు దాకా రా. క్యాన్లు మోసేవాడు కావాల," అంది ప్రేమలీల.

రెజీనా తెచ్చుకున్న సంచిని నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో దాచుకుంది. "సరే గాని ఫేబీ," అంది కంచం ముందుకు జరుపుతూ, "ఆ పప్పు ఇంకొంచెం వెయ్యి."