రెండువేల రెండువందల యాభై

"ఈ నంబరుని రౌండ్ చేసింది ఎవరు?"

ప్రెస్సు గడప దాటుతూనే ఆమె అడిగిన మొదటి మాట అది. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పే లెక్చరర్. చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, చంకలో తన పుస్తకం ప్రూఫులు. కంపోజింగు నాదే కాబట్టి తప్పించుకునే దారి లేదు.

"నేనే మేడమ్. లక్షా పదివేల రెండువందల యాభై అంటే చదివేవాళ్ళకి బరువని, సుమారు లక్షా పదివేలు అని పెట్టాను."

"సుమారా? అది సంఖ్య కాదండీ, వాక్యం."

బైండింగు బల్ల దగ్గర దారం తెంపుతున్న మా అక్క కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడికి సంఖ్యకీ వాక్యానికీ తేడా తెలియదా? ఆ మాటే అన్నాను.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రూఫు వెనక్కి తిప్పి ఒక పట్టిక రాసింది. 'కాదు' గుర్తుకి ఒకటి, సున్నాకి రెండు, 'సమానం' గుర్తుకి మూడు.

"'సున్నా సున్నాకి సమానం కాదు' అనడానికి మా గుర్తులు ఈ వరసలో ఉంటాయి: కాదు, సున్నా, సమానం, సున్నా. అంటే ఒకటి, రెండు, మూడు, రెండు. ఇప్పుడు ప్రధాన సంఖ్యల్ని వరసగా తీసుకుని, ఏ గుర్తు నంబరు ఎంతో అన్నిసార్లు వెయ్యాలి. రెండుని ఒకసారి, మూడుని రెండుసార్లు, ఐదుని మూడుసార్లు, ఏడుని రెండుసార్లు వేసి అన్నీ గుణించండి."

గుణించాను. లక్షా పదివేల రెండువందల యాభై.

"దాన్ని విడగొడితే మళ్ళీ ఈ వాక్యమే వస్తుంది. మీ సుమారుని విడగొడితే అందులో మూడు అసలు లేదు. రెండో గుర్తుని మింగేశారు."

"ఇంత అవస్థ దేనికి మేడమ్?"

"లెక్కలకి సంఖ్యల గురించి తప్ప మాట్లాడడం రాదు. మరి వాక్యాలే సంఖ్యలైపోతే? 'ఫలానా సంఖ్య గల వాక్యానికి రుజువు లేదు' అని లెక్కలే చెప్పగలవు. ఆఖరికి ఒక వాక్యం తన గురించి తనే చెప్పుకోగలదు."

చెబుతున్నంతసేపూ ఆమె చేతులు గాలిలో ఏవేవో గీస్తూనే ఉన్నాయి. నుదుటి మీది వాన చుక్క ముక్కు దాకా జారినా ఆమెకు తెలియలేదు. నా కోపం ఎటు పోయిందో నాకూ తెలియలేదు.

తర్వాత మూడు వారాలు ప్రూఫులు తిరిగాయి. నిజం చెప్పేస్తున్నాను, కొన్ని తప్పులు కావాలనే వదిలాను. ఆమె వచ్చి దిద్దేది, తిట్టేది, టీ తాగి వెళ్ళేది.

"ఒరేయ్ కామా," అంది అక్క ఒకరోజు. వాక్యం కనిపిస్తే కామా పెట్టకుండా వదలనని ప్రెస్సులో నాకు పెట్టిన పేరది. "శుక్రవారంతో ఆఖరి ప్రూఫు అయిపోతుంది. ఆ తర్వాత ఆ అమ్మాయికి మనతో పనేముంటుంది? చెప్పేదేదో చెప్పి తగలడు."

నోటితో చెప్పే ధైర్యం నాకెక్కడిది? నేనూ ఒక పట్టిక కట్టాను. 'నాకు' ఒకటి, 'మీరు' రెండు, 'ఇష్టం' మూడు. గుణిస్తే రెండువేల రెండువందల యాభై వచ్చింది. ఆఖరి పేజీ అంచున పెన్సిలుతో రాసి పంపేశాను. నా అంతటి మేధావి లేడనుకున్నాను.

శుక్రవారం ప్రూఫు తిరిగొచ్చింది. ఆమె రాలేదు. నా సంఖ్య పక్కన ఎర్ర సిరాతో ఇలా ఉంది: "అసంపూర్తి. అర్థం లేదు. తీసేయండి."

మధ్యాహ్నం క్యారియరు విప్పబుద్ధి కాలేదు. అక్క వచ్చి కాగితం లాక్కుంది, నా చేత జరిగిందంతా చెప్పించింది.

"మరి ఆ పట్టిక ఇచ్చావా?"

"ఏ పట్టిక?"

"నీ పట్టికరా. అది లేకపోతే తన పట్టికతోనే కదా చదువుకుంటుంది. కాదు, సున్నా, సమానం. ఆ తర్వాత ఏమీ లేదు. అసంపూర్తే మరి."

అక్క ఆ రోజు దారం తెంపుతూనే పాఠమంతా వినేసింది. నేను మాత్రం గొడుగు కూడా తీసుకోకుండా కాలేజీకి పరుగెత్తాను.

స్టాఫ్ రూములో ఆమె ఆన్సరు పేపర్లు దిద్దుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ప్రింటుకి వెళ్ళిపోయిందా?"

"లేదండీ. ఆ సంఖ్యని మీరు వేరే పట్టికతో చదివారు. నాది ఇది."

తడిసిన కాగితం ఇచ్చాను. ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పట్టిక లేకుండా సంఖ్య పంపుతారా ఎవరైనా? ఇది నా పుస్తకంలో ఏ పేజీలోంచి ఊడిపడిందోనని రెండు రోజులు వెతికాను."

"తప్పేనండీ."

"పైగా ఇందులో మాటలు తక్కువ. నాకు జవాబు చెప్పడానికి వీల్లేదు."

ఎర్ర పెన్నుతో పట్టిక కింద ఇంకో వరస చేర్చింది. 'కూడా' నాలుగు. తర్వాత ఏదో గుణించి 13,89,150 అని రాసి కాగితం నా వైపు తోసింది.

"విడగొట్టండి."

అక్కడే నిలబడి భాగించాను. రెండు ఒకసారి పోయింది. నాకు. మూడు నాలుగుసార్లు. కూడా. ఐదు రెండుసార్లు. మీరు. మూడువందల నలభై మూడు మిగిలింది. ఏడు, ఏడు, ఇంకో ఏడు.

నాకు నవ్వు ఆగలేదు. పక్క బల్ల పెద్దాయన కళ్ళజోడు దించి మరీ చూశాడు.

"చాల్లెండి," అంది, తనూ నవ్వుతూనే. "ఆదివారం మా ఇంటికి రండి. మా నాన్న టైలరు. ఆయన దగ్గర ఈ గుణకారాలు సాగవు, నోటితోనే చెప్పాలి. ముందు నాకు చెప్పి ప్రాక్టీసు చెయ్యండి."

చెప్పాను. మొదటిసారి వినపడలేదంది. రెండోసారి వరండాలో వాళ్ళందరికీ వినపడింది.