ఎడమ చేతి మడత

పాత వంతెనను వరద మింగేసిన తర్వాత నాలుగో ఏడాది జరిగిందిది. ఆ వరదలోనే మిలిటరీ బట్టల డిపో మునిగింది. రిజిస్టర్లన్నీ నీళ్లపాలయ్యాయి. నలభై ఏళ్ల కిందటి యూనిఫాం ఏది ఎవరిదో చెప్పే కాగితం ముక్క మిగల్లేదు. మిగిలింది ఒక్క బుర్ర. ఆ డిపోలో కోట్లు కుట్టి, నంబర్లు కొట్టిన దర్జీది. నిఘా డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ సూది.

చీఫ్ రెండు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు.

"ఎల్లుండి పదకొండింటికి మ్యూజియం ఓపెనింగ్. పన్నెండు మంది మాజీ సిపాయిలు పాత కోట్లు తొడుక్కుని వరసలో నిలబడతారు. జనరల్ ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతాడు. ఆ పన్నెండులో ఒకడు బయటివాళ్లు పంపిన హంతకుడు."

"ఎవరు చెప్పారు?"

"మనవాడే. చెప్పిన గంటకి శవమై తేలాడు. ఐడీ కార్డు ఎవడైనా అచ్చేస్తాడు. నీ ముద్ర అచ్చెయ్యగలరా?"

"కొట్టగలరు. కుట్టలేరు."

డిపోలో ముద్ర ముందు, కుట్టు తర్వాత. కత్తిరించిన గుడ్డ మీద నంబర్ కొట్టి, సిరా ఆరాక లోపలి గుడ్డ వేసి కుట్టేవాళ్లు. అందుకే అసలు కోటులో ముద్ర అంచుని కుట్టు మింగేసి ఉంటుంది. దొంగ కోటులో ముద్ర పెళ్లికొడుకులా నిండుగా కనిపిస్తుంది.

"ఆ పన్నెండులో మా బావ ఉన్నాడు" అన్నాడు సూది.

"అయితే పదకొండు చూడు చాలు."

"పన్నెండూ చూస్తాను."

"ఆయనకి ఎదురుపడకు. బావా బావమరుదులు కలిస్తే ఊరంతా వింటుంది. నీ ఇస్త్రీ వాడి వేషం బయటపడుతుంది."

మర్నాడు సాయంత్రం అక్కకి ఫోన్ చేశాడు.

"మీ బావ పొద్దున్నే బయల్దేరాడురా తమ్ముడూ. నలుగుతుందని కోటు చేతుల మీద వేసుకుని, పసిబిడ్డని మోసినట్టు మోసుకెళ్లాడు. లాడ్జికి చేరానని ఒక్క మాట లేదు."

"ఆయన ఎప్పుడు చెప్పాడు కనక!"

"చెయ్యి పొట్టి చేశావని దారి పొడుగునా నిన్ను తిట్టుకునే ఉంటాడు."

బావ ఎడమ మోచేతికి తూటా తగిలి, చెయ్యి వంకరగానే అతుక్కుంది. మామూలు కోటు తొడిగితే వేళ్లు మునిగేవి. సూదే కోటు ఎడమ చెయ్యి అంగుళన్నర లోపలికి మడిచి కుట్టాడు. అప్పట్నుంచి బావది ఒకటే పాట: "సర్కారు గుడ్డ అంగుళన్నర నొక్కేశాడు మా బావమరిది!" ఆ కోటు మాత్రం ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. పోయినప్పుడు అదే తొడిగి పంపమని అక్కతో ఒట్టు వేయించుకున్నాడు.

ఓపెనింగ్ రోజు పదింటికి మ్యూజియం వెనక గదిలో సూది ఇస్త్రీ వాడి వేషంలో ఉన్నాడు. ఇస్త్రీపెట్టె పిడిలో మైక్. "కుట్టు ఊడింది" అంటే గార్డులు దూకాలి. పక్కన ముత్యాల మేడమ్. పాత వస్తువుల వ్యాపారి. అటువాళ్ల మనిషిలా నటిస్తూ మనకి పనిచేస్తుందని చీఫ్ నమ్మకం. పట్టుచీర, మెడలో మూడు వరసల ముత్యాలు, చేతిలో భూతద్దం.

"త్వరగా కానివ్వు తాతా. నీ ఇస్త్రీ అయ్యేలోపు వీళ్లకి ఇంకో యుద్ధం వచ్చేట్టుంది."

"వేడెక్కనివ్వమ్మా. నేను, ఇస్త్రీపెట్టె ఒక ఈడువాళ్లం."

బయట సిపాయిలు విప్పి పంపిన ఒక్కో కోటు తిరగేశాడు. ముద్ర, కుట్టు, దారం. అసలుదే. అసలుదే. తొమ్మిదోది తిరగెయ్యగానే సూదికి నవ్వొచ్చింది. నంబర్లో ఏడు ఒరిగి ఉంది. తన చేతి వంకరే. బావ కోటు.

"ఇది?" అంది మేడమ్.

"నిక్కమైన అసలుది. ముద్ర కొట్టింది నేనే."

ఎడమ చెయ్యి ఇస్త్రీ చేస్తుంటే చివర అంగుళన్నర మేర గుడ్డ ముదురు ఆకుపచ్చగా కనిపించింది. మిగతా కోటు వెలిసిపోయింది. మడతలో దాగిన గుడ్డకి ఎండ తగల్లేదు, రంగు పోలేదు. మడత విప్పించాడన్నమాట. నా మీద పంతంతోనే, అనుకున్నాడు సూది. మేడమ్ కోటు లాక్కుని బయటికి పంపేసింది.

పదీ, పదకొండూ అయ్యాయి. పన్నెండోదీ పంపేసి ప్లగ్గు పీకబోయాడు. అప్పుడు చెయ్యి ఆగింది.

మడత విప్పితే బావ వేళ్లు మునిగిపోతాయి. చెయ్యి తిన్నగా ఉన్నవాడే విప్పించుకుంటాడు.

కోటు అసలుదే. మనిషే కాదు. బతికుండగా బావ ఆ కోటు ఇవ్వడు.

"కుట్టు ఊడింది" అన్నాడు పిడిలోకి. చప్పుడు లేదు. పిడి కింద తీగ తెగి ఉంది. మేడమ్ గదిలో లేదు.

ప్లగ్గు పీకి, సలసలలాడే ఇస్త్రీపెట్టెతోనే హాల్లోకి పరుగెత్తాడు. గంట పదకొండు దాటింది. జనరల్ ఎనిమిదో మనిషికి చెయ్యి కలుపుతున్నాడు. తొమ్మిదో మనిషి వీపు కనిపించింది. వెలిసిన ఆకుపచ్చ. ఒక్క క్షణం ఆశ చావలేదు.

"బావా!"

వాడు తిరిగాడు. ఎవడో. ఎడమ కఫ్‌లోంచి సన్నటి పిస్టల్ అరచేతిలోకి జారింది. సూది ఇస్త్రీపెట్టె విసిరాడు. అది వాడి మణికట్టు మీద పడింది. తూటా జనరల్ టోపీ అంచు చింపుకుని గోడలో దిగింది. గార్డులు మీద పడ్డారు.

మేడమ్ వెనక గేటు దగ్గర దొరికింది. ముత్యాలు సరిచేసుకుంటూ చెప్పింది. "మావాళ్లు మర్యాదగానే అడిగారు. ముసలాయన కోటు ఇవ్వనన్నాడు."

బావ లాడ్జి గదిలో, మంచం కింద ఉన్నాడు.

"మెడల్ వస్తుంది నీకు" అన్నాడు చీఫ్.

"కోటివ్వండి చాలు. బావ కోటు."

మర్నాడు పొద్దున్నే సూది కోటు ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. పాత గీత మీదే మడిచి, అంగుళన్నర లోపలికి కుట్టాడు. దారం కొరికి, అక్క ఇంటికి తీసుకెళ్లి బావకి తొడిగాడు. చెయ్యి అచ్చంగా మణికట్టు దగ్గర ఆగింది.

వంక పెట్టడానికి బావ నోరు తెరవలేదు.