డి గ్రేడు ఆసుపత్రి

డాక్టరు నాతో అన్న మొట్టమొదటి మాట, "బూట్లు బయట విడవండి. ఇప్పుడే కడిగాం."

నేను సర్వే ఇంజనీర్ని. ప్రభుత్వం కొత్త భవనానికి డబ్బిచ్చే ముందు పాతది ఎంత పాడైందో చూసి గ్రేడు వేయడం నా పని. బాగుంటే ఏ, కూలేలా ఉంటే డి. డి వస్తేనే నిధులు. ఏడాదికి నలభై పల్లె ఆసుపత్రులు తిరుగుతాను. గోడను చిన్న సుత్తితో తట్టి, చెవి పెట్టి వింటాను. పగలంతా నాతో మాట్లాడేవి గోడలే. సాయంత్రం లాడ్జి గదిలో అవీ మాట్లాడవు. ముప్పై రెండేళ్ళొచ్చినా ఒంటికాయ శొంఠికొమ్ములా ఉన్నానని మా అక్క ఫోనులో దెప్పుతూ ఉంటుంది.

ఆ మొదటిసారి సి వచ్చింది. "ఇంకాస్త పాడైతే వచ్చే ఏడు డి వస్తుందండీ," అన్నాను ధైర్యం చెబుతున్నట్టు.

"ఆసుపత్రి పాడవ్వాలని దీవించే మనిషిని మిమ్మల్నే చూశాను," అని నవ్వింది.

ఆ నవ్వు పట్టుకుని ఏడాదంతా తిరిగాను. మళ్ళీ వెళ్తే బి వచ్చింది. వయసు మీదపడ్డ భవనం బాగుపడటం నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

మూడో ఏడు వెళ్ళేసరికి గోడలకు కొత్త రంగు. వాసన కూడా పోలేదు. కిటికీలకు కర్టెన్లు. సుత్తి తీయబుద్ధి కాలేదు.

"ఈసారీ బి లాగే ఉందండీ," అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. "ఈ పథకానికి ఇదే ఆఖరి ఏడు కదా?"

"అవునండీ."

"ఇక్కడ ఆపరేషన్ థియేటర్ లేదు. పోయిన నెల ఒకామెను కాన్పుకి పట్నం పంపాను. రెండు గంటల దారి. అంబులెన్సులోనే బిడ్డ పోయింది. మీ ఫారంలో దానికి గడి ఉందా?"

లేదు. ఇంతలో ఎవరో జ్వరంతో వస్తే ఆమె వెళ్ళిపోయింది.

నేల తుడుస్తున్న ఆయమ్మ నడుం పట్టుకుని లేచింది. "చల్లకొచ్చి ముంత దాస్తోందయ్యా మా డాక్టరమ్మ. నువ్వొస్తున్నావని ఉత్తరం రాగానే మొదలు, రంగులూ కర్టెన్లూనూ. అదీ తన జీతం పెట్టి. మంత్రిగారొచ్చినప్పుడు చీపురు కూడా పట్టనివ్వలేదు."

"ఎందుకూ?"

"నన్నడుగుతావేం? చదువుకున్నోడివి. ఆరేళ్ళుగా ఇక్కడికి రోగాలొచ్చినవాళ్ళే వస్తున్నారు. రోగం లేకుండా ఏటేటా వచ్చేవాడివి నువ్వొక్కడివే."

బయట మెట్ల మీద కూలబడ్డాను. సంతోషం, భయం రెండూ కలిసి వచ్చాయి. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? జాబితాలో ఈ ఆసుపత్రిని కావాలని ఆఖర్న పెట్టుకునేవాణ్ణి, ఏడాదంతా ఎదురుచూడొచ్చని. ఇద్దరి పిచ్చీ కలిసి ఊరికి థియేటర్ లేకుండా చేస్తోంది.

ఆమె రాగానే చెప్పాను. "డాక్టరు గారూ, నేను రాలేదనుకోండి. ఎవరూ రాని రోజున ఈ ఆసుపత్రి ఎలా ఉంటుందో చూపించండి."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఆయమ్మ చెప్పేసిందా?"

"చెప్పిందండీ."

లేచి అల్మారా పక్కకు జరిపింది. వెనక గోడలో నా వేలు దూరేంత పగులు. కర్టెన్ తీస్తే కిటికీకి రెక్క లేదు. నిచ్చెనెక్కి తడితే కొత్త రంగు కింద కప్పు డొల్లగా మోగింది. వానొస్తే నాలుగు మంచాలు వరండాలోకి ఈడుస్తారట. చివరికి వెనకున్న తన క్వార్టర్స్ కూడా తెరిచింది.

"ఇక్కడే తింటాను. రేడియోలో వార్తలు చదివేవాళ్ళతో మాట్లాడుతూ," అంది.

"నేను గోడలతో," అన్నాను.

అబద్ధం ఒక్కటీ రాయలేదు. ప్రతి పగులూ కొలిచి, ఫోటో తీసి, డి వేశాను.

"డి ఇచ్చినచోటికి మళ్ళీ సర్వే ఉంటుందా?" అనడిగింది.

"ఉండదండీ."

"అయితే ఇక రారు."

ఫైలు తేలేదాకా నా మనసులో మాట చెప్తే అది న్యాయం కాదు. బ్యాగు సర్దుకుని బస్సెక్కాను. ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు. లాడ్జిలో గోడ తట్టి చూసుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మంజూరైనట్టు తెలియగానే సెలవు పెట్టి వెళ్ళాను. జోరున వాన. వార్డులో ఎక్కడ చూసినా బకెట్లు, గిన్నెలు. ఈసారి ఒక్కటీ దాచలేదు. కాగితం చేతికిస్తే నిలబడే రెండుసార్లు చదివింది. కోటు చేతితో కళ్ళు తుడుచుకుని బెంచీ మీద కూర్చుంది.

"ఇది పోస్టులో వచ్చేదేగా. మీకిక్కడ ఇంకేం పని?"

"పనేం లేదండీ. మీ కోసం వచ్చాను. ఒక్కణ్ణే ఉండటం ఇక నా వల్ల కావట్లేదు."

కప్పు నుంచి ఓ చుక్క నా మెడ మీద పడింది. మరో చుక్క.

"అక్కడ కారుతుంది," అంది ఆమె, బెంచీ మీద కాస్త జరిగి చోటిస్తూ. "ఇటొచ్చి కూర్చో."